క్రిస్మస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: పుట్టింది ఎవరు, ఎందుకు, మనం ఏం చేయాలి?

డిసెంబర్ వచ్చిందంటే చర్చి మెట్ల దగ్గర, ఆఫీసు క్యాంటీన్లో, క్యారల్స్‌కి వెళ్ళినప్పుడు టీ ఇచ్చిన ఇంట్లో దాదాపు ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. అడిగేవాళ్ళలో హిందూ, ముస్లిం మిత్రులుంటారు, పుట్టినప్పటి నుంచీ సంఘంలోనే పెరిగిన పిల్లలూ ఉంటారు. ఈ జవాబులు రాసింది ఒక ప్రొటెస్టెంట్ విశ్వాసి. సంఘాల మధ్య తేడా ఉన్నచోట ఆ సంగతి చెప్పాను. వాక్యాలు మన ఇళ్ళలో ఉండే పాత తెలుగు బైబిల్లోవి, కాబట్టి అక్కడ భాష కాస్త గ్రాంథికంగా ఉంటుంది.

క్రిస్మస్ అంటే యేసుక్రీస్తు పుట్టినరోజు, అంతేగా?

పుట్టినరోజే. కానీ అక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. లోకాన్ని చేసిన దేవుడే మనిషిగా మన మధ్యకు వచ్చాడని, చూసి పోవడానికి కాక మనల్ని విడిపించడానికి వచ్చాడని క్రైస్తవుల నమ్మకం. ఎందుకు వచ్చాడో, యేసు తల్లి మరియను చేసుకోబోయే యోసేపుకు కలలో దూత చెప్పిన మాటలోనే ఉంది: "తన ప్రజలను వారి పాపములనుండి ఆయనే రక్షించును" (మత్తయి 1:21). ఆ రోజుల్లో యూదులు ఎదురుచూసింది రోమా పాలన నుంచి విడుదల కోసం. దూత ఆ ఊసే ఎత్తలేదు.

పొలంలో రాత్రి కాపలా కాస్తున్న గొల్లలకు వచ్చిన కబురు ఇంకోలా ఉంది. "దావీదు పట్టణమందు నేడు రక్షకుడు మీ కొరకు పుట్టియున్నాడు" (లూకా 2:11). పక్కింట్లో బాబు పుట్టాడంటే సంతోషించి ఊరుకోవచ్చు. మీ కోసం పుట్టాడని కబురు వస్తే మాత్రం అవుననో కాదనో ఏదో ఒకటి చెప్పాలి. ఏమీ చెప్పకుండా కేకు తిని ఇంటికి వెళ్ళినా అదీ ఒక జవాబే అవుతుంది. క్రిస్మస్‌లో అసలు విషయం ఇదేనని నా అభిప్రాయం. కింద జవాబులన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి.

దేవుడు పైనుంచే క్షమించేయొచ్చు కదా? మనిషిగా పుట్టాల్సిన అవసరం ఏమొచ్చింది?

అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, అడగాల్సిన ప్రశ్న కూడా. అప్పు మాఫీ చేశానని ఎవరైనా అంటే ఆ డబ్బు గాలిలో కలిసిపోదు, ఇచ్చినవాడి జేబుకు చిల్లు పడుతుంది. క్షమాపణలో ఎప్పుడూ ఎవరో ఒకరు నష్టం భరించాలి. "పోనీలే" అనేస్తే దెబ్బతిన్నవాడికి న్యాయం జరగదు. న్యాయం అంటూ శిక్షే వేస్తే మనలో మిగిలేవాడు ఉండడు. ఆ నష్టాన్ని దేవుడు తానే భరించడానికి వచ్చాడని సువార్త చెబుతుంది. భరించాలంటే రక్తమాంసాలు కావాలి, ఆకలి వేయాలి, చావు రావాలి. పుట్టకుండా అవేవీ కుదరవు.

మెదక్ చర్చికి వెళ్ళినవాళ్ళు ఈ సంగతిని కళ్ళతోనే చూసి ఉంటారు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరికేలా మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన ఆ కెథడ్రల్ ప్రతిష్ఠ 1924 డిసెంబర్ 25న జరిగింది. లోపల మూడు పెద్ద రంగు అద్దాల కిటికీలు ఉంటాయి. ఒకదాంట్లో యేసు జననం, ఒకదాంట్లో సిలువ, ఇంకోదాంట్లో ఆరోహణం. క్రిస్మస్ నాటి జనంలో నిలబడి మొదటి కిటికీ ఒక్కటే చూస్తే కథ సగంలో వదిలేసినట్టు. తొట్టిలో పడుకున్న బాబు ముద్దుగానే ఉంటాడు, ఎవర్నీ ఏమీ అడగడు. సిలువ దగ్గరికి వచ్చేసరికి ఆ సౌకర్యం ఉండదు.

ఇది మన అవతారాల లాంటిదేనా?

దేవుడు దిగి వచ్చాడనే మాట రెండు చోట్లా ఉంది కాబట్టి ఈ పోలిక సహజంగానే వస్తుంది. తెలుగు క్రైస్తవ కీర్తనల్లో కూడా అవతారం అనే మాట వినబడుతుంది. అయితే తేడాలు పెద్దవే. ధర్మానికి హాని కలిగినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ వస్తానని గీత చెబుతుంది. బైబిలు ప్రకారం ఈ రాక ఒక్కసారే, ఫలానా చక్రవర్తి కాలంలో, ఫలానా ఊళ్ళో. దుష్టుల్ని చంపడానికి కాదు, దుష్టుల చేతిలో, దుష్టుల కోసమే చావడానికి. ఇంకోటి, యేసు తన పని అయ్యాక శరీరాన్ని విడిచిపెట్టలేదు. సమాధి నుంచి శరీరంతోనే లేచాడనీ, ఇప్పటికీ దేవుడూ మనిషీ అయినవాడిగానే ఉన్నాడనీ క్రైస్తవుల విశ్వాసం. క్రీ.శ. 325లో బిషప్పులు నైసియాలో సభ కూడినప్పుడు పెద్ద గొడవ యేసు దేవుడేనా అన్నదాని మీదే. యేసు దేవుడు సృజించిన గొప్ప జీవి అని అరియుస్ అనే బోధకుడు అన్నాడు. కాదు, తండ్రితో సమానుడైన దేవుడే అని సభ తేల్చింది.

రెండూ ఒకటే అనేసి సర్దేయడం మర్యాదగా కనిపిస్తుంది గానీ రెండు వైపులా నమ్మేవాళ్ళకు అది న్యాయం కాదు.

కన్యకు బిడ్డ పుట్టడం ఈ రోజుల్లో నమ్మమంటారా?

ఆ రోజుల్లో మాత్రం సులభంగా నమ్మారా? దూత చెప్పగానే మరియ అడిగిన మొదటి ప్రశ్న అదే: నేను పురుషుణ్ణి ఎరగను, ఇది ఎలా జరుగుతుంది? యోసేపైతే నమ్మనే లేదు, ఆమెను అవమానపరచకుండా రహస్యంగా విడిచిపెట్టాలని నిర్ణయించుకున్నాడు. పిల్లలు ఎలా పుడతారో వాళ్ళకు బాగా తెలుసు కాబట్టే వాళ్ళకు అంత టెన్షన్. లేనిదాన్ని కలుగజేసిన దేవుడు ఉన్నాడని ఒప్పుకుంటే ఇది ఆయనకు కష్టం కాదు. ఆయనే లేడనుకుంటే ఈ ఒక్కటే కాదు, బైబిల్లో ఇంకేదీ నిలవదు. ముస్లిం మిత్రులకు ఇది కొత్త విషయం కాదు. యేసు కన్య మరియకే పుట్టాడని ఖురాను కూడా చెబుతుంది. తేడా ఆయన ఎవరన్న దగ్గర వస్తుంది.

యేసు నిజంగా డిసెంబర్ 25నే పుట్టాడా?

తెలియదు. బైబిల్లో తేదీ లేదు. డిసెంబర్ 25 ప్రస్తావన క్రీ.శ. 354 నాటి ఒక రోమన్ పంచాంగంలో కనిపిస్తుంది. ఆ తేదీ ఎందుకు ఎంచుకున్నారనేదానికి రెండు వాదాలు చెబుతారు. రోమన్ల సూర్యపూజ పండుగకు బదులుగా పెట్టారని ఒకటి. యేసు గర్భంలో పడింది మార్చి 25న అని పాతకాలం క్రైస్తవులు లెక్కేసుకుని, దానికి తొమ్మిది నెలలు కలిపారని రెండోది. రష్యన్ ఆర్థడాక్స్ వాళ్ళు పాత క్యాలెండర్ పాటిస్తారు కాబట్టి వాళ్ళ పండుగ మనకు జనవరి 7న పడుతుంది. ఆర్మీనియా సంఘం జనవరి 6న చేస్తుంది.

సంవత్సరం కూడా మనం రాసుకునే లెక్కకు సరిపోదు. హేరోదు రాజు క్రీ.పూ. 4లో చనిపోయాడని చరిత్రకారుల్లో ఎక్కువమంది లెక్క. యేసు పుట్టింది అతను బతికుండగానే. ఆరో శతాబ్దంలో డయోనిసియస్ అనే సన్యాసి క్రీస్తు శకం లెక్క కట్టినప్పుడు కొన్నేళ్ళు తేడా వచ్చింది. తేదీ పట్టుకుని వాట్సాప్ గ్రూపుల్లో కొట్టుకోవడం వల్ల ఎవరి విశ్వాసమూ పెరిగినట్టు నాకు కనబడలేదు.

స్టేజీ మీద చూసే కథలో బైబిల్లో ఉన్నదెంత?

సండేస్కూలు నాటకంలో తువ్వాలు తలకు చుట్టుకున్న గొల్లలుంటారు, దూది గడ్డం పెట్టుకున్న జ్ఞానులుంటారు, "ఖాళీ లేదు పో" అని గద్దించే సత్రం యజమాని ఉంటాడు. ఆ యజమాని వేషం కోసం పిల్లలు పోటీ పడతారు, ఎందుకంటే అరిచే డైలాగ్ అతనిదే. బైబిల్లో అతను లేనే లేడు. సత్రంలో చోటు లేదని ఒక్క ముక్క ఉందంతే. గాడిద లేదు. జ్ఞానులు ముగ్గురని ఎక్కడా రాయలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకలు ఉన్నాయి కాబట్టి మనుషుల్నీ ముగ్గుర్ని చేశారు. గొల్లలతో పాటు అదే రాత్రి తొట్టి దగ్గరికి వాళ్ళు వచ్చారనుకోవడమూ పొరపాటే. మత్తయి రాసినదాని ప్రకారం వాళ్ళు ఒక ఇంట్లోకి వెళ్ళి తల్లినీ బిడ్డనూ చూశారు. తర్వాత హేరోదు రెండేళ్ళ లోపు మగపిల్లల్ని చంపించాడంటే మధ్యలో కొంత కాలం గడిచే ఉండాలి.

పశువుల పాక బొమ్మ పెట్టే ఆచారం వ్యాపించింది ఫ్రాన్సిస్ అసిసి వల్ల. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి తొట్టి ముందు ఆరాధన చేయించాడు. చదువురాని పల్లె జనానికి కళ్ళకు కట్టినట్టు చూపించాలని ఆయన తపన. దాంట్లో తప్పేం లేదు.

నాటకంలో ఎప్పుడూ చూపించని సంగతి ఒకటి బైబిల్లో ఉంది. నలభై రోజులయ్యాక మరియ, యోసేపు బిడ్డను దేవాలయానికి తీసుకెళ్ళి గువ్వల జతో పావురపు పిల్లలో అర్పణగా ఇచ్చారని లూకా రాశాడు. ధర్మశాస్త్రం ప్రకారం ఇవ్వాల్సింది ఏడాది గొర్రెపిల్ల. గొర్రెపిల్ల కొనే స్తోమత లేనివాళ్ళకే ఈ మినహాయింపు. దేవుని కుమారుడు పుట్టిన ఇల్లు రాయితీ వాడుకున్న ఇల్లు. వేదిక మీద లైట్లకే బడ్జెట్ అయిపోయే రోజుల్లో ఈ వాక్యం ఒకసారి చదువుకోవాలి.

స్టార్, చెట్టు, శాంటా?

స్టార్ జ్ఞానుల కథలోది. చెట్టు జర్మనీ నుంచి వచ్చిన ఆచారం. శాంటా వెనక నాలుగో శతాబ్దంలో మైరా ఊరి బిషప్ నికొలస్ ఉన్నాడు, బీదలకు రహస్యంగా సాయం చేసేవాడని ప్రతీతి. ఇవి ఉన్నా లేకపోయినా క్రిస్మస్ ఆగదు. పిల్లలకు బహుమతులు ఇచ్చే తాతే గుర్తుండి, ఇంకో బిడ్డ గుర్తులేకపోతే అది పెద్దవాళ్ళ తప్పు.

కొన్ని సంఘాలు క్రిస్మస్ చేయవు. వాళ్ళు క్రైస్తవులు కాదా?

క్రైస్తవులే. బైబిల్లో ఆజ్ఞ లేని పండుగ మనకెందుకని వాళ్ళ వాదన, అదీ కొత్తది కాదు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్‌ను రద్దు చేసింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా ఈ పండుగ చేసుకుంటే జరిమానా పడేది. వేసినవాళ్ళు నాస్తికులు కాదు, మహా నిష్ఠాపరులైన ప్యూరిటన్లు. బైబిల్లోని రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలు ఇలాంటి విషయాల గురించే మాట్లాడుతూ, ఒకడు ఒక రోజును ఎక్కువగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని రోజులనూ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనసులో వాళ్ళు నిశ్చయించుకోవాలి అన్నాడు. చేసుకునేవాళ్ళు చేయనివాళ్ళను తక్కువ చేయకూడదు, వాళ్ళూ వీళ్ళను విగ్రహారాధకులనకూడదు.

సెమీ క్రిస్మస్‌ల మీద మీ అభిప్రాయం?

క్రిస్మస్‌కు ముందు జరిపే ఈ సభలు డిసెంబర్ మొదటి నుంచే మొదలై రోజుకో సెంటర్లో జరుగుతాయి. కాలేజీలో, అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో ఇరుగుపొరుగు మతాలవాళ్ళు నిస్సంకోచంగా వచ్చి కూర్చునే సభలు ఇవే, కాబట్టి నేను వద్దనను. కానీ రెండు గంటల సభలో గంటన్నర శాలువాలకూ అతిథుల ప్రసంగాలకూ పోయి, చివరి పది నిమిషాల్లో పాస్టర్ గారు వాక్యం పరిగెత్తించడం బాధగా ఉంటుంది. వచ్చినవాళ్ళకు బిర్యానీ గుర్తుంటుంది, కబురు గుర్తుండదు.

విశ్వాసంతో స్పందించడం అంటే అసలు ఏం చేయాలి?

మత్తయి రెండో అధ్యాయం తీసి మనుషుల్ని గమనించండి. తూర్పు నుంచి జ్ఞానులు యెరూషలేముకు వచ్చి, పుట్టిన రాజు ఎక్కడ అని అడిగారు. హేరోదు ప్రధాన యాజకుల్నీ శాస్త్రుల్నీ పిలిపించాడు. వాళ్ళు తడుముకోలేదు. మీకా ప్రవక్త రాసిన వాక్యం చెప్పి, బేత్లెహేములో అన్నారు. జవాబు కరెక్టే. యెరూషలేము నుంచి బేత్లెహేము సుమారు 9 కిలోమీటర్లు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. ఆ శాస్త్రుల్లో ఒక్కడైనా వెళ్ళినట్టు మత్తయి రాయలేదు. వాక్యం నోటికి వచ్చినవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. వాక్యం తెలియని పరదేశులు వెళ్ళి సాగిలపడ్డారు. హేరోదు కూడా నమ్మాడు, ఒక విధంగా అందరికంటే గట్టిగా నమ్మాడు. నిజంగానే రాజు పుట్టాడని నమ్మాడు కాబట్టే చంపించడానికి సైనికుల్ని పంపాడు.

కాబట్టి విషయం తెలియడం విశ్వాసం కాదు. నిజమని ఒప్పుకోవడం కూడా సరిపోదు. దయ్యాలు కూడా దేవుడున్నాడని నమ్మి వణుకుతాయని యాకోబు కొంచెం వ్యంగ్యంగానే రాశాడు. విశ్వాసం అంటే ఆయన మీద భారం వేసి కదలడం. గొల్లలు "వెళ్ళి చూద్దాం" అనుకున్నారు, వెళ్ళారు. మరియ తనకు రాబోయే నింద తెలిసీ "నీ మాట చొప్పున నాకు జరుగును గాక" అంది. యోసేపు మాట్లాడిన మాట సువార్తల్లో ఒక్కటి కూడా లేదు. నిద్ర లేచాడు, చెప్పినట్టు చేశాడు, అంతే రాసి ఉంది. నాకు ఈ కథలో అందరికంటే ఇష్టమైన మనిషి ఆయనే.

ఇంకో సంగతి. చూసి వచ్చాక గొల్లలు మళ్ళీ మందల దగ్గరికే వెళ్ళారు. ఉద్యోగాలు మానలేదు, బోధకులు కాలేదు. దేవుణ్ణి స్తుతిస్తూ వెళ్ళారు, పని అదే.

నేను ఎవరికీ అన్యాయం చేయలేదు. నన్నూ పాపి అంటారా?

అంటాం, మమ్మల్ని కూడా కలుపుకునే అంటాం. హత్యలు, దొంగతనాల జాబితా పెట్టుకుని చూస్తే మీరు పాస్ కావచ్చు. కానీ దేవుణ్ణి పక్కన పెట్టి నా జీవితానికి నేనే యజమానినని బతకడాన్ని బైబిలు మూలపాపంగా చూస్తుంది. ఇంట్లో మాత్రమే బయటపడే కోపం, అన్నదమ్ముల పొలం గట్టు దగ్గర పుట్టే దురాశ, ఎవరూ చూడరనుకున్నప్పుడు ఫోన్లో చూసేవి, అన్నీ ఆ వేరు నుంచి వచ్చిన కొమ్మలే. పశ్చాత్తాపం అంటే కన్నీళ్ళొక్కటే కాదు. పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసును ఇంట్లో చేర్చుకున్న రోజే, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ముందు తిరిగిచ్చి తర్వాత క్షమాపణ సంపాదించుకోలేదు. ఆయన ఇంటికి వచ్చాకే చెయ్యి దానంతటదే విప్పుకుంది.

అంటే ముందు నేను మారి, ఆ తర్వాత రావాలా?

వద్దు. అలా మొదలుపెడితే ఎప్పటికీ రాలేరు. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" (ఎఫెసీ 2:8). మనకు మొక్కుబడి అలవాటు ఎక్కువ. వీసా వస్తే సాక్ష్యం చెబుతాను, అబ్బాయికి ఉద్యోగం వస్తే బాప్తిస్మం తీసుకుంటాను అని దేవుడితో బేరం పెడతాం. చర్చిలో పుట్టినవాళ్ళం కూడా పెడతాం. బేరం కుదిరితే అది కొనుగోలు, వరం కాదు.

ఎలా ప్రార్థించాలి? ప్రత్యేకమైన మాటలు ఉన్నాయా?

లేవు. "తన్ను ఎందరంగీకరించిరో వారికందరికి, అనగా తన నామమునందు విశ్వాసముంచినవారికి, దేవుని పిల్లలగుటకు ఆయన అధికారము అనుగ్రహించెను" (యోహాను 1:12). అంగీకరించడమే అసలు సంగతి, మాటలు మీవి. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే ఇలా అనొచ్చు:

ప్రభువా, నీవు నాకోసం పుట్టావని, నా పాపాలకోసం చనిపోయావని, తిరిగి లేచావని నమ్ముతున్నాను. ఇన్నాళ్ళు నా ఇష్టప్రకారం బతికాను. నన్ను క్షమించు. నా జీవితానికి నీవే ప్రభువుగా ఉండు. నీ వెంట నడవడం నాకు నేర్పించు. ఆమేన్.

ఇది మంత్రం కాదు. తప్పు లేకుండా చదివితే పనిచేసి, ఒక ముక్క వదిలేస్తే ఫెయిలయ్యేది కాదు. వంటగదిలో నిలబడి అనుకున్నా, బస్సులో కళ్ళు తెరిచి అనుకున్నా వినేవాడు వింటాడు. ప్రార్థించాక ఒళ్ళు జలదరించలేదని బెంగపడనక్కర్లేదు. కొందరికి కన్నీళ్ళు వస్తాయి, కొందరికి ఏమీ అనిపించదు. తర్వాత లూకా సువార్త మొదటి నుంచి, రోజుకు ఒక అధ్యాయం చదవండి. 24 అధ్యాయాలే.

నమ్మాలని ఉంది, డౌట్లు పోవడం లేదు.

డౌట్లతోనే రండి. జబ్బుపడ్డ కొడుకును తీసుకొచ్చిన ఒక తండ్రి యేసుతో, నమ్ముతున్నాను, నాకు అపనమ్మకం లేకుండా సహాయం చెయ్యి అన్నాడు. ఒకే నోటితో రెండూ చెప్పాడు. ముందు నీ అపనమ్మకం సంగతి తేల్చుకుని రా అని యేసు అతన్ని పంపించలేదు, కొడుకును బాగుచేశాడు. అయితే డౌటు అడ్డం పెట్టుకుని సంవత్సరాల తరబడి నిర్ణయం వాయిదా వేయడం వేరు. అది మీకే తెలుస్తుంది.

క్రిస్మస్ రోజే బాప్తిస్మం తీసుకోవచ్చా?

ఏ రోజైనా తీసుకోవచ్చు. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో విశ్వసించినవాళ్ళకు నీళ్ళలో ముంచి ఇస్తారు. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ సంఘాల్లో పసిపిల్లలకూ ఇస్తారు, కథోలికులు దాన్ని జ్ఞానస్నానం అంటారు. పద్ధతి ఏదైనా, తొందరపెట్టే మనుషుల దగ్గర ఆగండి. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ చేసినదాన్ని ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ పనులు సాగినన్నాళ్ళూ బాప్తిస్మం అడిగినవాళ్ళకు ఇవ్వలేదు, కూటికోసం వస్తున్నారేమోనని. పనులు ఆపేశాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆశ చూపించి ఇచ్చే బాప్తిస్మానికి విలువ లేదని ఆయనకు తెలుసు. ఇప్పుడు మనకూ తెలిసి ఉండాలి.

చట్టం సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది, 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులు అందులో లేరు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలను బీసీ-సీగా లెక్కిస్తారు. ఇది అన్యాయమనే వాదన చాలాకాలంగా ఉంది, నేనూ అదే అంటాను. కానీ ఒక యువకుడు నిర్ణయం తీసుకునేటప్పుడు ఈ సంగతి పాస్టర్ గారే ముందుగా చెప్పాలి, తర్వాత ఎమ్మార్వో ఆఫీసులో తెలియకూడదు.

ఇంట్లో ఒప్పుకోరు. ఏం చేయను?

అమ్మానాన్నలతో గొడవ పెట్టుకుని ఇల్లు వదలడం విశ్వాసానికి గుర్తు కాదు. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ అలాగే ఉంది. పూజగది గురించి వెటకారాలు చేయకండి. మునుపటికంటే ఓపికగా, నిజాయితీగా ఉండండి, వాళ్ళు గమనిస్తారు. మైనర్లైతే పెద్దల అనుమతి లేకుండా ఎవరూ బాప్తిస్మం ఇవ్వకూడదు. అదే సమయంలో, నమ్మినదాన్ని జీవితాంతం దాచి ఉంచడం కూడా సాధ్యం కాదు, ఏదో ఒకరోజు నెమ్మదిగా చెప్పాల్సిందే. ఎప్పుడు, ఎలా అనేది మీ ఇంటి మనుషులు తెలిసిన ఒక పెద్ద విశ్వాసితో కూర్చుని మాట్లాడుకోండి.

నేను పుట్టుకతోనే క్రైస్తవుణ్ణి. ఇదంతా నాకెందుకు?

శాస్త్రుల సంగతి పైన చదివారు కదా.

ఈ ఏడాది మా ఇంట్లో ఒకరు చనిపోయారు. పండుగ చేసుకోవాలంటే మనసు రావడం లేదు.

చేసుకోకండి. స్టార్ కట్టలేదని, కొత్త బట్టలు కొనలేదని దేవుడు అడగడు. బేత్లెహేములో కూడా అందరి ఇళ్ళలోనూ ఆనందం మిగల్లేదు. హేరోదు సైనికులు వచ్చి వెళ్ళాక ఆ ఊళ్ళో తల్లులు ఏడ్చారు, ఓదార్పు పొందనొల్లక ఏడ్చారని మత్తయి రాశాడు. ఆ ఏడుపును క్రిస్మస్ కథలోంచి ఆయన తీసేయలేదు. యేసు కుటుంబం అంతకుముందే రాత్రివేళ ఐగుప్తుకు పారిపోయింది. పాటలు పాడలేకపోతే ఆరాధనలో వెనక బల్ల మీద కూర్చోండి, పాడేవాళ్ళు పాడతారు. సంఘంలో ఉన్నవాళ్ళకు ఒక మాట: ఆ ఇంటికి కేకు పంపి ఊరుకోవద్దు, ఎవరైనా వెళ్ళి కాసేపు కూర్చోండి. "దేవుని చిత్తం" అనే మాట మాత్రం ఆ పూటకు వాడకండి.

మేం క్రైస్తవులం కాదు. క్రిస్మస్ ఆరాధనకు రావచ్చా?

తప్పకుండా రావచ్చు. పిలుపు అక్కర్లేదు. కొన్ని చర్చిల్లో 24 అర్ధరాత్రి ఆరాధన ఉంటుంది, కొన్నింట్లో 25 తెల్లవారుజామున. పల్లెల్లో చాలాచోట్ల చెప్పులు బయట విడుస్తారు, ఆడవాళ్ళు ఒకవైపు మగవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు. అందరూ లేచినప్పుడు లేవండి, చాలు. కానుకల సంచి వస్తే వేయాలని నియమం లేదు. ప్రభు భోజనం ఇస్తున్నప్పుడు మాత్రం బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే వెళ్తారు, మీరు కూర్చునే ఉండొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. కాస్త ముందే వెళ్తే కుర్చీ దొరుకుతుంది, లేదంటే షామియానా కింద నిలబడాలి. పాస్టర్ గారితో తీరిగ్గా మాట్లాడాలనుకుంటే ఆ రాత్రి కుదరదు, ఫోన్ నంబర్ తీసుకోండి. డిసెంబర్ 31 రాత్రి, ఆపైన కొత్త సంవత్సరం ప్రార్థనలు అయ్యేదాకా ఆయనకు నిద్ర ఉండదు. జనవరి రెండో వారంలో వెళ్ళండి.